డిస్కు మాట నమ్మనివాళ్లు

సన్ మైక్రోసిస్టమ్స్‌ను షేరుకు తొమ్మిదిన్నర డాలర్ల చొప్పున, మొత్తం 740 కోట్ల డాలర్లకు కొంటున్నామని 2009 ఏప్రిల్ 20న ఒరాకిల్ ప్రకటించింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, డాట్‌కామ్ జాతర మాంచి ఊపులో ఉన్నప్పుడు, అదే సన్‌కు షేర్ మార్కెట్ కట్టిన విలువ 20,000 కోట్ల డాలర్ల పైమాట.

మన దగ్గర అది ఎక్కువగా జావా వార్తగానే చలామణీ అయింది. తప్పేం లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద సన్ అంటే జావాయే. సన్ సర్టిఫైడ్ జావా ప్రోగ్రామర్ పరీక్ష పాసై, ఆ ముక్క రెజ్యూమె మొదటి పేజీలో రాసుకుని విమానం ఎక్కినవాళ్లు ఇవాళ డల్లాస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడి ఉన్నారు. తర్వాత అదే పరీక్షకు ఒరాకిల్ పేరు తగిలించారు. సెంటర్లు బోర్డులు మార్చుకుని మామూలుగానే నడిచాయి.

జావా కోసం ఏడ్చినవాళ్లు చాలామందే ఉన్నారు గనక, ఆ పని వాళ్లకే వదిలేస్తాను. నా బాధ డిస్కు గురించి. నలుగురూ కలిసి వాడుకునే డిస్కు గురించి. ఇప్పుడు ఏ డేటా సెంటర్లో చూసినా వందల కొద్దీ వర్చువల్ మిషన్లు ఒక ఉమ్మడి స్టోరేజీ మీద ఆధారపడి బతుకుతుంటాయి. ఆ ఉమ్మడితనాన్ని మామూలు ఆఫీసుల దాకా తెచ్చింది సన్. ఇరవై ఏళ్ల తర్వాత, దాన్ని ఎంత నిజాయతీగా కట్టవచ్చో చూపించిందీ సన్ ఇంజనీర్లే. ఈ రెంటికీ నడుమ ఉమ్మడి స్టోరేజీ మీద పుట్టిన సొమ్మంతా వేరేవాళ్ల ఇళ్లకు చేరింది.

1982లో కాలిఫోర్నియాలో నలుగురు కుర్రాళ్లు పెట్టిన కంపెనీ అది. ఢిల్లీ ఐఐటీలో చదివి స్టాన్‌ఫర్డ్ చేరిన వినోద్ ఖోస్లా, స్టాన్‌ఫర్డ్‌లోనే వర్క్‌స్టేషన్ నమూనా కట్టిన ఆండీ బెక్టోల్‌షైమ్, వ్యాపారం చూసుకునే స్కాట్ మెక్‌నీలీ, బర్క్‌లీ నుంచి యూనిక్స్ పట్టుకొచ్చిన బిల్ జాయ్. అప్పట్లో డిస్కు ఖరీదైన వస్తువు. బల్లబల్లకూ ఒక వర్క్‌స్టేషన్ పెట్టగలిగినా, ఒక్కోదానికి ఒక్కో డిస్కు తగిలించడం చాలా ఆఫీసులకు భారమే. దాంతో సన్ అసలు డిస్కే లేని వర్క్‌స్టేషన్లు అమ్మింది. పొద్దున స్విచ్ వేస్తే ఆ యంత్రం నెట్‌వర్క్ మీద ఎక్కడో ఉన్న సర్వర్‌ను పిలిచి, దాని డిస్కులోంచే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చుకుని లేచేది. నెట్‌వర్కే కంప్యూటర్ అని సన్‌లో జాన్ గేజ్ చెప్పిన మాట అలా కంపెనీ నినాదమైంది.

ఆ పిలుపు వెనుక పనిచేసినదే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, ఎన్‌ఎఫ్‌ఎస్. రసెల్ శాండ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, బాబ్ లయన్ తదితరులు కట్టారు. 1985లో దాని గురించి పేపరు అచ్చు వేశారు. ఇందులో రెండు నిర్ణయాల దగ్గర కాసేపు ఆగాలి. ఈ కథ అంతా వాటి మీదే నడుస్తుంది.

ఒకటి, సర్వర్ ఎవరినీ గుర్తుపెట్టుకోదు. ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఎంతవరకు చదివారు అన్న లెక్క దాని దగ్గర ఉండదు. ప్రతి అభ్యర్థనా తనకు తాను సంపూర్ణం. మరి సర్వర్ మధ్యలో కూలిపోతే? కూలిపోయి మళ్లీ లేస్తుంది, అంతే. అవతలి యంత్రం, సర్వర్ పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను అని తెరమీద ఒక వరస రాసి ఓపిగ్గా అడుగుతూనే ఉంటుంది. సర్వర్ లేవగానే ఆగిన పని ఆగినచోటి నుంచే సాగుతుంది. యూనిక్స్ మీద పనిచేసిన ఏ పాత అడ్మిన్‌ను కదిపినా ఆ వరస తిట్టు కలిపి మరీ అప్పజెబుతాడు.

రెండోది ఇంకా గట్టిది. సర్వర్ 'రాశాను' అని జవాబిచ్చే లోపు ఆ డేటా నిజంగా డిస్కు మీద పడి తీరాలి. మెమరీలో పెట్టుకున్నాను, వీలు చూసి రాస్తాను అంటే కుదరదు. ఎందుకంటే ఆ మాట విన్న మరుక్షణం అవతలివాడు తన దగ్గరున్న కాపీ పారేస్తాడు. ఆ తర్వాత కరెంటు పోతే డేటా ఇద్దరి దగ్గరా ఉండదు. చెప్పడానికి సుళువే గానీ డిస్కు నిదానమైన వస్తువు. ప్రతి రాతకూ దాని కోసం ఆగితే పని నత్తనడక పడుతుంది. అందుకే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్లకు బ్యాటరీ ఉన్న మెమరీ కార్డు తగిలించే వ్యాపారం 1990 ప్రాంతానికే మొదలైంది. కరెంటు పోయినా ఆ కార్డులో ఉన్నది చెక్కుచెదరదు గనక, అందులో పడగానే రాశాను అని నిర్భయంగా చెప్పొచ్చు.

ఎన్‌ఎఫ్‌ఎస్ నియమావళిని సన్ దాచుకోలేదు. అందరికీ ఇచ్చింది, పోటీదారులకు కూడా. 1989లో అది ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఒకటిగా వెలువడింది. సన్‌కు ఆ గుణం పుట్టుకతోనే ఉంది. ఇచ్చేదాకా బాగా ఆలోచించేవాళ్లు. ఇచ్చిన తర్వాత దాని మీద బతకడం ఎలాగన్నది మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ రెండో ప్రశ్నే.

మొదట లాభపడింది నెట్‌యాప్. 1992లో ముగ్గురు కలిసి పెట్టిన ఈ కంపెనీ చేసిందల్లా ఒకటే. సర్వర్‌లో మిగతా సరంజామా అంతా తీసేసి ఎన్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే మాట్లాడే పెట్టె కట్టడం, బ్యాటరీ మెమరీని అందులోనే పొదగడం. సన్ భాష మాట్లాడే పెట్టె, సన్ సర్వర్ల పక్కనే, సన్ ఖాతాదారులకే అమ్ముడుపోయింది. 1996లో, ఎన్‌ఎఫ్‌ఎస్ కట్టినవారిలో ఒకరైన స్టీవ్ క్లైమన్ కూడా నెట్‌యాప్‌కే వెళ్లారు. ఇలాంటి రాకపోకలు సిలికాన్ వ్యాలీలో మామూలే. అయినా, కంపెనీ పతనం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను షేరు ధర చూపించను, ఈ వలసనే చూపిస్తాను.

సన్ దృష్టి అప్పుడు వేరేచోట ఉంది. 1996లో సిలికాన్ గ్రాఫిక్స్ క్రే కంపెనీని కొని, అందులో తనకు అక్కర్లేని ఒక సర్వర్ విభాగాన్ని సన్‌కు అమ్మేసింది. ఆ విభాగం చేతుల్లో తయారవుతున్న యంత్రమే మరుసటి ఏడాది ఎంటర్‌ప్రైజ్ 10000 అయింది. బీరువా అంత పెట్టె, అందులో 64 దాకా ప్రాసెసర్లు. దాన్ని లోపలే ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కలో ఒక్కో సిస్టమ్ నడపవచ్చు. బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు, కొత్తగా పుట్టిన వెబ్‌సైట్లు ఎగబడి కొన్నాయి. 2001 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సన్ అమ్మకాలు 1,800 కోట్ల డాలర్లు దాటాయి.

నెట్‌వర్కే కంప్యూటర్ అని చాటిన కంపెనీ, తన డబ్బంతా ఒక పెద్ద పెట్టె మీద పెట్టింది. ఇంతకంటే పెద్ద తప్పు సన్ చరిత్రలో నాకు కనిపించదు.

ఆ పెట్టెలకు దిష్టి తగలడానికి ఎంతోకాలం పట్టలేదు. 1999 జూన్‌లో ఈబే సైటు సుమారు 22 గంటలు మూతపడింది. సన్ సర్వర్లు, వాటి ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్‌లో ఒక లోపం, దాని మరమ్మతు ముందే సిద్ధంగా ఉన్నా ఈబేలో వేయకపోవడం, అన్నీ కలిసొచ్చాయి. ఆ తర్వాత సన్ సొంత స్పార్క్ ప్రాసెసర్ల పక్కనుండే క్యాష్ మెమరీలో బిట్లు తిరగబడటం మొదలైంది. సున్నా ఒకటవుతుంది, లేదా ఒకటి సున్నా అవుతుంది, లక్షల డాలర్ల సర్వర్ ఉన్నట్టుండి కూలుతుంది. ఆ మెమరీకి తప్పు కనిపెట్టడం తెలుసు, దిద్దుకోవడం తెలియదు. కారణం దొరికేదాకా సన్ ఖాతాదారులను గుట్టుగా ఉంచమని కోరిందన్న అపకీర్తి కూడా వచ్చిపడింది.

వెంటనే డాట్‌కామ్ కూలింది. దివాలా తీసిన కంపెనీల సన్ సర్వర్లు సెకండ్‌హ్యాండ్ బజారుకు వచ్చి కారుచౌకగా అమ్ముడుపోయాయి. వాటిలో చాలా ఈబేలోనే అమ్ముడయ్యాయి. సన్‌కు అతిపెద్ద పోటీదారు పాత సన్ సర్వరే అయి కూచుంది. కొత్త కొనుగోళ్లు ఇంటెల్ తరహా చౌక పెట్టెలకు, లైనక్స్‌కు మళ్లాయి.

సరిగ్గా అప్పుడే ఉమ్మడి డిస్కుకు అసలైన రోజులొచ్చాయి. ఒక చౌక పెట్టె మీద పది వర్చువల్ మిషన్లు నడపడం వీఎంవేర్ నేర్పింది. వర్చువల్ మిషన్‌కు డిస్కు అంటే చివరికి ఒక ఫైలే. ఆ ఫైలు పెట్టె లోపలి డిస్కులోనే ఉంటే, పెట్టె చచ్చినప్పుడు పది మిషన్లూ దాంతోపాటే పోతాయి. అదే ఫైలు అన్ని పెట్టెలకూ కనిపించే చోట ఉంటే, ఒకటి చచ్చినా పక్కది అందుకుని మళ్లీ లేపుతుంది. 2003లో వచ్చిన వీఎంవేర్ వీమోషన్ ఇంకో అడుగు ముందుకేసి, నడుస్తున్న మిషన్‌ను ఆపకుండానే ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మార్చింది. మారేది మెమరీ మాత్రమే, డిస్కు ఎక్కడిదక్కడే. ఉమ్మడి కుటుంబంలో గదులు మారినా గాదె మారనట్టు.

ఈ సంగతి స్టోరేజీ వ్యాపారులకు ముందే అర్థమైంది. వర్చువల్ మిషన్ల కంపెనీ అయిన వీఎంవేర్‌ను డిస్కుల కంపెనీ ఈఎంసీ దాదాపు 63 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2003 డిసెంబరులో ప్రకటించింది. 2006లో వీఎంవేర్ మూడో తరం వచ్చేసరికి వర్చువల్ మిషన్లను ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టుకునే సౌకర్యం దానికి జతకలిసింది. ఇరవై ఏళ్ల కిందట డిస్కు లేని వర్క్‌స్టేషన్ల కోసం సన్ కట్టిన భాషను, డిస్కుతో పనిలేని సర్వర్ల కోసం కొత్తగా తవ్వి తీశారు. ఆ భాష మాట్లాడే పెట్టెలు కావలసినవాళ్లు నెట్‌యాప్ ముందు వరస కట్టారు.

సన్‌లో మాత్రం 2001 నుంచే ఒక మూల వేరే పని నడుస్తోంది. జెఫ్ బాన్విక్ అప్పటికే సొలారిస్ మెమరీ కేటాయింపును తిరగరాసిన పేరున్న ఇంజనీరు. మాట్ అరెన్స్ బ్రౌన్ యూనివర్సిటీ నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాడు. వీళ్లిద్దరూ మొదలుపెట్టిన ఫైల్ సిస్టమే జెడ్‌ఎఫ్‌ఎస్. దాని మొదటి సూత్రం ఏమిటంటే, డిస్కు చెప్పేది నమ్మకు.

అప్పటిదాకా అందరూ నమ్మారు. ఫలానా బ్లాకు ఇవ్వమంటే డిస్కు ఏదో ఇస్తుంది, ఇచ్చింది అదేనని ఫైల్ సిస్టమ్ తీసుకుంటుంది. కానీ డిస్కు ఒకచోట రాయాల్సింది ఇంకోచోట రాయగలదు. రాయకుండానే రాశానని చెప్పగలదు. తీగలో, కంట్రోలర్‌లో, మెమరీలో ఎక్కడైనా ఒక బిట్ తిరగబడవచ్చు. డిస్కులకు జంట కాపీలు ఉంచే రెయిడ్ కార్డు ఉందిలే అనుకుంటే, దానికీ ఏ కాపీ నిజమో తెలియదు. రెండు కాపీలు తేడాగా ఉంటే ఒకదాన్ని ఎంచుకుంటుంది, అంతే. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాకుకూ ఒక చెక్‌సమ్ లెక్కగట్టి, దాన్ని ఆ బ్లాకు పక్కన కాకుండా దాన్ని చూపించే పై బ్లాకులో దాస్తుంది. దొంగ చేతికే తాళం ఇవ్వకుండా అన్నమాట. చదివిన ప్రతిసారీ సరిచూస్తుంది. తప్పు దొరికితే రెండో కాపీలోంచి మంచిది తెచ్చిస్తుంది, చెడిపోయినదాన్ని చడీచప్పుడు లేకుండా దిద్దుతుంది. ఉన్నదాని మీద ఎప్పుడూ తిరగరాయదు, కొత్తచోట రాసి చివర్లో చూపుడు మారుస్తుంది. అందుకే రాత మధ్యలో కరెంటు పోయినా పాతది పాతగా ఉంటుంది. క్యాష్ బిట్ల గొడవలో పరువు పోగొట్టుకున్న ఇంట్లోనే ఏ బిట్‌నూ నమ్మని ఫైల్ సిస్టమ్ పుట్టడం కాకతాళీయమేనంటే నేను ఒప్పుకోలేను. రుజువు చూపించమంటే లేదు, అది వేరే సంగతి.

2005 చివర్లో ఆ కోడ్‌ను సొలారిస్ బహిరంగ కూర్పైన ఓపెన్ సొలారిస్‌లో భాగంగా బయటపెట్టారు. మళ్లీ అదే గుణం. ఈసారి మాత్రం ఒక మెలిక ఉంది. లైనక్స్ లైసెన్సుతో పొసగని సొంత లైసెన్సు కింద ఇచ్చారు. ప్రపంచం లైనక్స్ వైపు పరుగెడుతున్న వేళ, ఆ దారిలో పోలేని బండి మీద సరుకెక్కించారు. అదే 2005లో స్టోరేజ్‌టెక్ అనే టేపుల కంపెనీని 410 కోట్ల డాలర్లకు కొన్నారు. 2008 మొదట్లో డేటాబేస్ కంపెనీ మైఎస్‌క్యూఎల్‌కు 100 కోట్లు. నడుమ 2007లో షేర్ మార్కెట్‌లో తమ గుర్తును జావా అని మార్చుకున్నారు. స్పార్క్ సర్వర్లు అమ్మి బతికే కంపెనీకి ఆ పేరెందుకో మదుపరులకు అర్థం కాలేదు, నాకూ కాలేదు.

2006లో వచ్చిన థంపర్ అనే సర్వర్ ఆ కాలపు ముద్దుబిడ్డ. నాలుగు అరల ఎత్తున్న ఒకే పెట్టెలో 48 డిస్కులు, 24 టెరాబైట్లు, రెయిడ్ కార్డన్నదే లేదు. ఆ పని జెడ్‌ఎఫ్‌ఎస్‌ది. తమ ఆదాయానికి మూలమైన పెట్టెల కిందికి ఇది నీళ్లు తెస్తోందని నెట్‌యాప్‌కు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. 2007 సెప్టెంబరులో జెడ్‌ఎఫ్‌ఎస్ మా పేటెంట్లను కాజేసిందని కోర్టుకెక్కింది. ఎన్‌ఎఫ్‌ఎస్ మీద నిలబడిన కంపెనీ, ఎన్‌ఎఫ్‌ఎస్ కన్నవాళ్ల మీద దావా వేసింది. సన్ ఎదురుదావా వేసింది. మూడేళ్ల తర్వాత రెండు వైపులా మూటలు కట్టేసుకున్నాయి, ఎవరూ గెలవలేదు. ఆ లోపు జెడ్‌ఎఫ్‌ఎస్‌ను తన కంప్యూటర్లలోకి తెస్తానన్న ఆపిల్ చడీచప్పుడు లేకుండా తప్పుకుంది.

ఆఖరికి సన్ చేయాల్సిన పని చేసింది. బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో నడిపిన ఫిష్‌వర్క్స్ అనే చిన్న బృందం, మామూలు సర్వరు, మామూలు డిస్కులు, జెడ్‌ఎఫ్‌ఎస్ కలిపి అచ్చంగా స్టోరేజీ పెట్టె కట్టింది. డిస్కులకు ముందు రెండు రకాల ఫ్లాష్. చదవడానికి ఒకటి, రాతలను తక్షణం పట్టుకోవడానికి ఒకటి. రాతల దానికి లాగ్‌జిల్లా అని ముద్దుపేరు. ఎన్‌ఎఫ్‌ఎస్ పుట్టినప్పటి ఆ రెండో నియమం, రాశానంటే రాసి ఉండాలన్నది, ఇక్కడికొచ్చి తీరుబడిగా ఊపిరి పీల్చుకుంది. ఎంత పెద్ద డిస్కుల గుంపైనా సరే, ముందు చిన్న ఫ్లాష్ మీద రాసి నిజం చెప్పొచ్చు.

ఆ పెట్టెకు ఇంకో గుణం ఉంది. లోపల ఏం జరుగుతోందో ప్రతి క్షణం గీసి చూపించేది. 2008 డిసెంబరు ఆఖర్లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు సన్ ల్యాబులో డిస్కుల వరసకు మూతి దగ్గరగా పెట్టి గొంతు చించుకుని అరిచాడు. కాంట్రిల్ వీడియో తీశాడు. అరుపు తగిలిన క్షణాన డిస్కులు కంపించి, వాటి జవాబులు ఆలస్యమై, తెరమీద గ్రాఫులో ఆ ఆలస్యం చుక్కలుగా పైకి లేచింది. ప్రపంచమంతా నవ్వుకుంటూ చూసింది. నాకు మాత్రం ఆ వీడియో ఎప్పుడు చూసినా గుండె బరువెక్కుతుంది. అరుపు తగిలితే డిస్కుకు ఎంత నొప్పి కలుగుతుందో మిల్లీసెకన్లలో చెప్పగల కంపెనీ, తన ఖాతాదారులు ఏ వైపు పోతున్నారో చెప్పుకోలేకపోయింది.

అప్పటికి వేళ మించిపోయింది. ఆ పెట్టె బజారులోకి వచ్చిన 2008 నవంబరులోనే ఆరు వేల మంది దాకా ఉద్యోగులను తీసేస్తున్నట్టు సన్ ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందే వాల్ స్ట్రీట్ బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. సన్‌కు పెద్ద సర్వర్లు కొనే మారాజులు ఆ వీధిలోనే ఉండేవారు. సన్‌ను ఐబీఎంకు అమ్మే బేరం 2009 ఏప్రిల్ మొదట్లో తెగిపోయింది, రెండు వారాల్లో ఒరాకిల్ వచ్చింది. మైఎస్‌క్యూఎల్ విషయంలో యూరప్ అధికారులు అడ్డుచెప్పడంతో కొనుగోలు 2010 జనవరి దాకా సాగింది. ఆ తొమ్మిది నెలలూ సన్ బతికీ బతకనట్టే. నెలకు పది కోట్ల డాలర్లు పోతున్నాయని ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ బాహాటంగానే చెప్పారు. చివరి సీఈఓ జొనాథన్ ష్వార్ట్జ్ రాజీనామాను ట్విటర్‌లో ఒక హైకూగా రాసి వెళ్లిపోయారు. కవిత్వానికి అది సమయమా అని అప్పుడు చిరాకు వేసింది. ఇప్పుడు ఆలోచిస్తే ఇంకేం మిగిలిందక్కడ అనిపిస్తుంది.

2010 ఆగస్టుకల్లా ఓపెన్ సొలారిస్‌ను ఆపేస్తున్నట్టు ఒరాకిల్ లోపలి లేఖ ఒకటి బయటికి పొక్కింది. మనుషులు చెదిరిపోయారు. కాంట్రిల్, గ్రెగ్ జాయెంట్ అనే క్లౌడ్ కంపెనీకి, అరెన్స్, ఆడమ్ లెవెంథాల్ డెల్ఫిక్స్‌కు. బాన్విక్ పాత సన్ మనుషులు బెక్టోల్‌షైమ్, బిల్ మూర్‌లతో కలిసి డీఎస్‌ఎస్‌డీ అనే ఫ్లాష్ కంపెనీ పెట్టాడు. 2014లో ఈఎంసీ దాన్ని కొంది, ఆ ఈఎంసీని కొన్న డెల్ 2017లో ఆ సరుకు ఆపేసింది. మెన్లో పార్కులోని సన్ ఆవరణలోకి ఫేస్‌బుక్ వచ్చింది. గేటు దగ్గరి బోర్డుకు ముందువైపు తమ గుర్తు వేసుకుని, వెనకవైపు సన్ పేరును అలాగే ఉంచారు. వాళ్ల ఉద్యోగులకు హెచ్చరికగా అని చెబుతారు. 2017 సెప్టెంబరులో సొలారిస్, స్పార్క్ బృందాల్లో మిగిలినవారిలో చాలామందిని ఒరాకిల్ ఇంటికి పంపింది.

కోడ్ మాత్రం కంపెనీతో సహగమనం చేయలేదు. ఓపెన్ సొలారిస్‌ను ఇల్యూమోస్ పేరుతో బయటివాళ్లు ఎత్తుకున్నారు. అమెరికా అణు ప్రయోగశాల లారెన్స్ లివర్‌మోర్ తన సూపర్ కంప్యూటర్ల కోసం జెడ్‌ఎఫ్‌ఎస్‌ను లైనక్స్ మీదికి తెచ్చింది. 2013లో అన్ని శాఖలూ ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ గొడుగు కిందికి చేరాయి. 2015 నుంచి, వర్చువల్ మిషన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో అది కూడా వస్తోంది. పెద్ద కంపెనీల పెట్టెలు కొనే స్తోమత లేనివాళ్లు ఇవాళ వర్చువల్ మిషన్ల క్లస్టర్ కట్టుకుంటే, కింద చాలాచోట్ల ఉండేది సన్ ఇంజనీర్ల చేతిరాతే.

అలా కట్టేవాళ్లు పడే పాట్లు కూడా పాతవే. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మామూలుగా అవతలి యంత్రంలో సర్వాధికారాలున్న రూట్‌ను నమ్మదు, అనామకుడిగా చూస్తుంది. వీఎంవేర్ నడిపే ఈఎస్‌ఎక్స్ సర్వర్ వచ్చేదేమో రూట్‌గా. ఆ మినహాయింపు ఇవ్వడం మరిచిపోయి, స్టోరేజీ కనిపిస్తోంది గానీ మిషన్ తయారవదేమిటని జుట్టు పీక్కునేవాళ్లు ఎంతోమంది. జాగా కలిసొస్తుందని డిస్కులన్నీ ఒకే రెయిడ్-జెడ్ గుంపులో పోస్తారు. వర్చువల్ మిషన్లు చేసేవి చిన్నచిన్న చెదురుమదురు చదువులూ రాతలూ, అంత పెద్ద గుంపూ వాటికి ఒక్క డిస్కు వేగాన్నే ఇస్తుంది. డిస్కులను జంటలుగా, ఒకదానికొకటి ప్రతిబింబంగా కట్టాలని రెండోసారి కట్టేటప్పుడు తెలుస్తుంది.

అన్నింటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఈఎస్‌ఎక్స్ ప్రతి రాతనూ డిస్కు మీద పడ్డాకే జవాబివ్వమని అడుగుతుంది. లాగ్‌జిల్లా లాంటి ఫ్లాష్ పెట్టకపోతే వేగం పాతాళానికి పడిపోతుంది. అప్పుడు ఎవరో ఒక సలహా ఇస్తారు. సింక్ అనే చిన్న సెట్టింగును ఆపేయమని. ఆపగానే క్లస్టర్ రెక్కలొచ్చినట్టు ఎగురుతుంది. అంటే సర్వర్ ఇక అబద్ధమాడుతోందని అర్థం. మెమరీలో పడగానే రాశానంటోంది. ఏ రాత్రో యూపీఎస్ చేతులెత్తేస్తే, జెడ్‌ఎఫ్‌ఎస్ మటుకు నిక్షేపంగా లేస్తుంది. చెక్‌సమ్‌లన్నీ సరిపోతాయి. దాని మీది మిషన్లు మాత్రం చివరి అయిదారు సెకన్లు పోగొట్టుకుని లేస్తాయి. డేటాబేస్ ఖాతాలో వేశానని చెప్పిన డబ్బు ఆ అయిదు సెకన్లలో ఉండొచ్చు. ఏ అబద్ధం ఆడకూడదని 1985లో సన్ నియమం పెట్టిందో, ఏ అబద్ధాన్ని పట్టుకోవాలని 2001లో మళ్లీ మొదలుపెట్టిందో, ఆ అబద్ధం ఆడటానికి వాళ్ల ఫైల్ సిస్టమ్‌లోనే ఒక మీట ఉంది. అడ్మిన్లను నేను తప్పుపట్టను. పొద్దున తొమ్మిదింటికి నెమ్మదిగా ఉందని పై నుంచి ఫోన్లొస్తుంటే ఏ చేయి ఆ మీట వైపు పోదు?

ఇంతకీ లైసెన్సు చిక్కు అలాగే ఉంది. ఒరాకిల్ అనుమతి రాతపూర్వకంగా వస్తే తప్ప జెడ్‌ఎఫ్‌ఎస్‌ను లైనక్స్ కెర్నెల్‌లో కలపబోనని, వ్యాజ్యాలంటే ఒరాకిల్‌కున్న మోజు తెలిసి ఆ సాహసం చేయలేనని లినస్ టోర్వాల్డ్స్ 2020 జనవరిలో తేల్చేశారు. ఆ పాత లైసెన్సుకు కొత్త కూర్పు తెచ్చే హక్కు ఇప్పుడు ఒరాకిల్ చేతిలోనే ఉంది, కంపెనీతోపాటు వచ్చింది. అందాకా కెర్నెల్ మారిన ప్రతిసారీ జెడ్‌ఎఫ్‌ఎస్‌ను విడిగా దిద్దుకుని, విడిగా కట్టుకుని, పక్కనుంచి ఎక్కిస్తున్నారు. ఆ పని చేస్తున్నవారిలో ఒకప్పుడు సన్‌లో జీతం తీసుకున్నవాళ్లు ఇంకా కొందరున్నారు.